గరుడకు ఆరో పేరు

దిల్‌సుఖ్‌నగర్,
రెండో శ్రావణ శుక్రవారం మర్నాడు

అండాలమ్మ వదినగారికి,

మూడు మెట్రో స్టేషన్ల దూరానికి ఉత్తరమేమిటని నవ్వుకోకండి. తప్పు నాది కాదు, మీ అమ్మాయిది. పిల్లల పెళ్ళిరోజు భోజనాల దగ్గర మనిద్దరం హాకీ మీద పడి అరుచుకుంటే, వచ్చినవాళ్ళు వియ్యపురాళ్ళ మధ్య ఆస్తి తగాదా ఏదో నడుస్తోందనుకున్నారట. నిన్న మౌనిక హుకుం జారీ చేసింది. "అత్తమ్మా, ఇగ ఫోన్ల హాకీ ముచ్చట ఇనవడ్డదంటే మీ ఇద్దరి ఫోన్లు గుంజుకుంట" అంది. నా కోడలు అన్నంత పనీ చేసే రకం. అయితే ఫోను వద్దంది గానీ కాగితం వద్దనలేదు కదా! పైగా ఉత్తరంలో ఒక సుఖం ఉంది. మధ్యలో మీరు అడ్డు తగల్లేరు.

సరే, విషయానికొస్తాను. మన గోల్కొండ గరుడ వరసగా రెండో ఏడు కూడా ఎనిమిది జట్లలో ఎనిమిదోది. అభిమాన సంఘం కార్యదర్శిగా నాకు తల కొట్టేసినట్టుంది. మా హాస్టల్లో గ్రూప్స్‌కి చదివే పిల్లలు కూడా "ఆంటీ, మీ గరుడకి రెక్కలు ఎప్పుడొస్తాయి?" అని ఆట పట్టిస్తున్నారు. జట్టు యజమానిగారు ఈసారి కొత్త పద్ధతి పెట్టారు. వేలానికి ముందు పాత ఆటగాళ్ళలో ఆరుగురిని అట్టేపెట్టుకోవచ్చు. అయిదు పేర్లు ఆయనా, కోచ్ ప్రసన్నకుమారూ తేలుస్తారు. ఆరో పేరు అభిమానులు ఓటేసి చెప్పాలి. దసరా ముందు ఆదివారం ఓటు.

నా మాట ఒకటే. హాస్టల్ వంటింట్లో ముందు చెయ్యి తిరిగిన వంటమనిషి ఉండాలి. కూరలు తరిగేవాళ్ళని తర్వాత చూసుకోవచ్చు. వేలంలో ఒక సీనియర్ గోల్‌కీపర్నీ, పెనాల్టీ కార్నర్ దొరికితే బంతిని గోల్‌లోకి విసిరికొట్టే డ్రాగ్‌ఫ్లికర్నీ కొంటే సగం పనైపోతుంది. పోయినేడు పెనాల్టీ కార్నర్ దొరికినప్పుడల్లా మనవాళ్ళు అక్షింతలు వేసినట్టు బంతిని మెల్లిగా వేశారు. ఆరో పేరు మిడ్‌ఫీల్డులో ఎవరికైనా ఇద్దాం. కుర్ర కీపర్ల మీద ఓటు తగలెయ్యకూడదు.

మీ శ్రీనివాస్ గురించి కాదు నేననేది. వాడు నాకు మేనల్లుడి వరస, ముద్దుగానే ఉంటాడు. కానీ రెండేళ్ళుగా ఒక్క మ్యాచ్ కూడా ఆడని రెండో కీపరన్నది నిజమేగా!

డబ్బాలో పూర్ణం బూరెలు పెట్టాను. డబ్బా మా అత్తగారిది, మూత మీద కోటేశ్వరమ్మ అని చెక్కి ఉంటుంది. ఖాళీగా మాత్రం తిప్పి పంపకండి, పైలోకంలో ఉన్న ఆవిడ ఊరుకోదు. ఉత్తరం మూతకి రబ్బరు బ్యాండుతో కట్టాను. డబ్బా మోసుకొచ్చే మౌనికతో, అవి వంటల వివరాలేనని చెప్పాను.

మీ ఉదయలక్ష్మి


మన్సూరాబాద్,
రాఖీ పండుగ తెల్లారి

ఉదయలక్ష్మి వదినకు,

నీ ఉత్తరం చేరింది. ముప్పై ఏళ్ళు సర్కారు బడిలో తెలుగు చెప్పినదాన్ని. దిద్దబుద్ధి కాకుండా ఉండాలని ఎర్ర పెన్ను బీరువాలో పెట్టి చదివాను.

ఇంట్లో ఉండేది నేనూ శ్రీనివాసూ, ఇద్దరమే. ఊరందరికీ సరిపోను బూరెలు పంపావు. నీ సంగతి నాకు తెలియదా? పెళ్ళిరోజు నాడు చాలు వదినా అని విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే, చేతి మీదనే వడ్డించబోయావు. మా నల్లగొండ దిక్కు చాలు అంటే చాలనే. మీ దిక్కు చాలు అంటే ఇంకో గరిటె వేయమని అర్థమట. అది తెలియక, మీ ఇంటికి వచ్చిన కొత్తలో మౌనిక జాకెట్లన్నీ బిగుతైపోయాయి.

ఇక నీ వంటమనిషి సిద్ధాంతం. పోయిన సీజన్‌లో మనం అదే కదా చేసింది? సముద్రాలు దాటించి పెద్ద కీపర్‌ను తెచ్చారు. మంచి ఆటగాడే, కాదనను. కానీ కీపర్‌ పని బంతిని ఆపడం సగమే, అరవడం సగం. వెనక నుంచి మైదానమంతా కనిపించేది అతనొక్కడికే. ఎవరు ఎటు ఉరకాలో అతనే చెప్పాలి. మా శ్రీనివాస్ ఒకనాడు అన్నం తింటూ అన్నాడు: "అమ్మా, గాయన ఏమంటుండో మనోళ్ళకు సమజ్ కాదు, మనోళ్ళు ఏమంటుండ్రో గాయనకు సమజ్ కాదు. గోలు మాత్రం అందరికి సమజైతది." నవ్వీ నవ్వీ నాకు పొలమారింది.

అందుకే చెబుతున్నాను. ఇక్కడి పిల్లలను నలుగురిని పట్టుకుని, రెండేళ్ళు ఓడినా సరే వాళ్ళనే ఆడించాలి. విత్తనం వేసి తెల్లారి తవ్వి చూసుకుంటామా?

నా కొడుకు గురించి మాత్రం ఒక్క ముక్క అడగను. కూతురిని ఇచ్చిన ఇంట కొడుకు కోసం చెయ్యి చాపితే నాకు బాగుండదు, మౌనికకు అసలే బాగుండదు.

డబ్బాలో మక్క గారెలు. కంకులు కొత్తపేట రైతు బజారులో ఏరి తెచ్చాను. మీ అత్తగారికి నా దండాలు చెప్పు.

అండాలమ్మ


దిల్‌సుఖ్‌నగర్,
నిమజ్జనం మర్నాడు

వదినగారికి,

గారెలు వచ్చిన పూటే అయిపోయాయి. మీ అల్లుడు కార్తీక్ నాకు రెండే మిగిల్చాడు.

నిన్న పొద్దున బాలాపూర్ గణపతి లడ్డు వేలం చూడ్డానికి వెళ్ళాం. జనంలో నా చెప్పు ఒకటి పోయింది, అది వేరే కథ. పాట పెరుగుతున్నకొద్దీ నాకు మన గరుడ యజమానే కళ్ళ ముందు కనిపించాడు. అక్కడ పాడేవాళ్ళకి భక్తి ఉంది, ఊళ్ళో పరువు ఉంది, లడ్డు ఎంతకి పోయినా మంచి జరుగుతుందన్న నమ్మకం ఉంది. మనాయన కూడా ఆటగాళ్ళని అలాగే పాడుకుంటాడు. పక్కవాడు పాడాడని తనూ పాడతాడు. పోయినేడు మోకాలి నొప్పి ఫార్వర్డుని అలాగే కొన్నాడుగా! లడ్డు అయితే కనీసం పంట బాగుంటుందని పొలంలో చల్లుకోవచ్చు.

అలాగని నేను మారిపోయానని సంబరపడకండి. నా మాట మీదే ఉన్నాను.

సాయంత్రం శ్రీనివాస్ ప్రసాదం ఇవ్వడానికి హాస్టల్‌కి వచ్చాడు. గరుడ ఆటగాడని పిల్లలు ఫొటోలకి ఎగబడ్డారు. ఒక పిల్ల "అన్నా, మీరు ఏయే మ్యాచ్‌లు ఆడారు?" అని అడిగింది. వాడు నవ్వుతూ "నేను బెంచి కెప్టెన్ చెల్లె, ఎండల కూసునుడు నా డ్యూటీ" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, వాడు మెట్లు దిగి వెళ్తుంటే ప్రాణం ఉసూరుమంది.

వాడికి ఎన్నో ఏడు ఇప్పుడు? ప్రాక్టీసులో పెనాల్టీ కార్నర్లు బాగా ఆపుతాడని ప్రసన్నకుమార్ ఒకసారి అన్నట్టు గుర్తు, నిజమేనా? ఊరికే అడుగుతున్నాను.

డబ్బాలో పులిహోర. వేడి చెయ్యకుండానే తినండి.

ఉదయలక్ష్మి


మన్సూరాబాద్,
ఎంగిలిపూల బతుకమ్మ నాడు

వదినా,

ఊరికే అడిగానన్నావు కానీ నువ్వు ఊరికే ఏదీ అడగవు. వాడికి ఇరవై నాలుగు నిండాయి. కార్నర్లు బాగానే ఆపుతాడట. ప్రాక్టీసులో ఆపింది ఎవరికి కావాలి?

నేను బాగా ఆలోచించాను. నువ్వు మొదటి ఉత్తరంలో రాసిందే న్యాయం. ఆరో పేరు మిడ్‌ఫీల్డు వాళ్ళకే ఇవ్వండి. శ్రీనివాస్ పేరు నువ్వు ఎత్తకు, ఎవరైనా ఎత్తినా ఆపు. ఇంతకుముందు ఇక్కడి పిల్లలు, ఇక్కడి పిల్లలు అని నేనే రాశాను. ఆ మాట అబద్ధం కాదు. కానీ వాడు ఆడాలి వదినా. ఏ రంగు చొక్కా వేసుకున్నా సరే, వాడు గోలు ముందు నిలబడితే చూడాలి. బెంచి మీద ఇంకో ఏడు కూర్చుంటే వాడి నవ్వు కూడా ఆరిపోతుంది.

ఎందుకని అడగకు. ఒక ముచ్చట ఇంకా పక్కా కాలేదు, అయ్యాక నేనే చెబుతాను. ఇక్కడికి చాలు.

డబ్బాలో బతుకమ్మ ప్రసాదం. నువ్వుల పొడి సద్ది నీకు ఇష్టమని ఎక్కువే పెట్టాను.

అండాలమ్మ


దిల్‌సుఖ్‌నగర్,
ఓటు జరిగిన ఆదివారం సాయంత్రం

వదినగారూ,

నోరు తీపి చేసుకోండి! డబ్బాలో మైసూర్‌పాక్ ఉంది, ఉత్తరం చదివే ముందు ఒక ముక్క వేసుకోండి. గరుడకు ఆరో పేరు శ్రీనివాస్!

మీరు వద్దంటే నేను వింటానా? మీ ఉత్తరం చదవగానే అర్థమైంది. కూతురి అత్తగారిని నోరు తెరిచి అడగలేక, నా మాటే న్యాయమని ఎదురు రాశారు. నోటితో చాలంటూ విస్తరి ముందుకు జరిపేవాళ్ళని నేను ఎంతమందిని చూడలేదు! నేను అర్థం చేసుకోకపోతే ఇంకెవరు చేసుకుంటారు?

హాస్టల్ పిల్లలందరూ సంఘంలో సభ్యులే. "సొంత కుర్రాడు, సొంత కీపరు" అని వాళ్ళే నినాదం కట్టారు. టిఫిన్ సెంటర్ చంటి తన దుకాణానికొచ్చిన ప్రతివాడికీ దోసెతో పాటు మన ప్రచారం కూడా వడ్డించాడు. సమావేశంలో నేను లేచి, కీపరంటే ఆపడం సగం, అరవడం సగం అని మీ మాటే అప్పజెప్పాను. చప్పట్లే చప్పట్లు. నా మొదటి సిద్ధాంతాన్ని నేనే మూట కట్టి మూసీలో కలిపాను. మీకోసం, వాడి కోసం.

ఇప్పుడు చెప్పండి, మీ వదిన ఎలాంటిది?

ఉదయలక్ష్మి


మన్సూరాబాద్,
మంగళవారం

ఉదయలక్ష్మి గారికి,

డబ్బా ఖాళీగా పంపుతున్నాను. మీ అత్తగారు క్షమించాలి.

తూర్పు తీరం జట్టు కోచ్ శ్రావణంలోనే శ్రీనివాస్‌ను చూసి వెళ్ళాడు. వాళ్ళ పెద్ద కీపర్ ఆట మానేశాడు. "గరుడ నిన్ను వదిలేస్తే చాలు, వేలంలో మేము తీసుకుంటాం, మొదటి మ్యాచ్ నుంచి నువ్వే నిలబడతావు" అన్నాడు. పక్కా అయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నాడు. మౌనికకు కూడా చెప్పలేదు. మీకు చెప్పలేక వద్దని మాత్రం రాశాను.

ఇప్పుడు గరుడ వాడిని అట్టేపెట్టుకుంది. పెద్ద కీపర్ కోసం వేలంలో ఎలాగూ పాడతారు. వాడు మళ్ళీ ఎండలో కూర్చుంటాడు. ఆదివారం రాత్రి వచ్చి "అత్తమ్మ నాకోసమే చేసింది గదా అమ్మా, ఏమనకు" అన్నాడు. వాడు అట్లా అన్నందుకే నాకు ఏడుపు ఆగలేదు.

నేను చాలు అన్నాను. నిజంగానే చాలు అన్నాను. మీరు మళ్ళీ చేతి మీదనే వడ్డించారు.

అండాలమ్మ


దిల్‌సుఖ్‌నగర్,
దసరా వెళ్ళిన మర్నాడు

వదినగారూ,

"గారికి" అని చూసి, ఆ పేరు నాదేనా అని మళ్ళీ చూసుకున్నాను. ఇన్నేళ్ళలో మీరు నన్ను గారూ అని పిలవలేదు.

తప్పు నాదే. చిన్నప్పటి నుంచి మా ఇళ్ళల్లో అతిథి వద్దంటే మొహమాటమనీ, వద్దన్నా పెట్టడమే మర్యాద అనీ నేర్పారు. నలభైమంది పిల్లలకి అలాగే పెడుతున్నాను. ఎంత పారేస్తున్నారో ఎప్పుడూ చూసుకోలేదు. నాకు ఏం కావాలో అదే మీకూ కావాలనుకున్నాను. నిజం చెప్పాలంటే, గరుడ గోలు ముందు మా వాడున్నాడని నలుగురిలో చెప్పుకోవాలన్న కోరిక కూడా ఉంది.

శ్రీనివాస్ నన్ను వెనకేసుకొచ్చాడని చదివి చాలాసేపు పొయ్యి ముందే కూలబడ్డాను. పప్పు మాడిపోయింది.

డబ్బా నేనూ ఖాళీగానే పంపుతున్నాను. ఈసారి నా ఇష్టం వచ్చింది నేను పెట్టను. మీకేం కావాలో మీరే అడగండి. అడిగింది చేస్తాను, అడిగినంతే చేస్తాను.

ఉదయలక్ష్మి


మన్సూరాబాద్,
ఆదివారం

వదినా,

ఖాళీ డబ్బా చూసి మౌనిక పరేషాన్ అయింది. "గీ డబ్బా ఎందుకు మోస్తున్న నేను? అందుల అన్నం లేదు, ఆకు లేదు" అని నిలదీసింది. అంతా చెప్పక తప్పలేదు. హాకీ మాట్లాడుకోండి, కానీ మనుషుల్లా మాట్లాడుకోండి అని ఇద్దరికీ అనుమతి ఇచ్చింది. నాకు మాత్రం ఉత్తరమే నయం. ఎదురుగా ఉంటే నేను నిన్ను ఇది అడగలేను.

అడగమన్నావు కాబట్టి అడుగుతున్నాను. బతుకులో ఇంత మొండిగా ఎవరినీ ఏమీ అడగలేదు.

వేలానికి ముందు జట్లు ఆటగాళ్ళను మార్చుకునే గడువు ఒకటి ఉంది, దీపావళి దాకా. శ్రీనివాస్‌ను తూర్పు తీరానికి ఇచ్చి వాళ్ళ దగ్గరి నుంచి ఎవరినైనా తీసుకోవచ్చు. అభిమానులు ఎన్నుకున్నవాడిని అభిమానులు ఒప్పుకోకుండా పంపితే గొడవ అవుతుందని గరుడ యజమాని భయపడుతున్నాడట. సంఘం వాళ్ళను నువ్వు ఒప్పించు. వాడిని పట్టుకొచ్చిన నోటితోనే వాడిని పంపమని చెప్పు. నీకు నగుబాటు అవుతుందని తెలుసు. అయినా అడుగుతున్నాను.

ఇంకొకటి. నన్ను మీరు అనడం మానెయ్.

అండాలమ్మ


దిల్‌సుఖ్‌నగర్,
ధన త్రయోదశి

అండాలమ్మ వదినా,

నువ్వు అని రాయడానికి మూడు కాగితాలు చింపాను. అలవాటు కావాలి.

పనైపోయింది. సమావేశంలో నేను నిలబడగానే హాస్టల్ పిల్లలే తిరగబడ్డారు. "సొంత కుర్రాడు అని నినాదం కట్టించింది మీరే కదా ఆంటీ!" అని మొహమ్మీదే అడిగారు. చంటి అయితే దోసెల పిండి దండగయిందన్నాడు. నేను ఏ నాటకమూ ఆడలేదు. "వాడి తల్లి వద్దంది, నేను వినలేదు. పిల్లాణ్ణి ప్రేమగా బెంచి మీద కట్టేస్తున్నాం. వాడు మనవాడైతే వాణ్ణి ఆడనిద్దాం" అన్నాను. ముందు చంటే చెయ్యెత్తాడు.

ప్రసన్నకుమార్ బేరం మాట్లాడాడు. శ్రీనివాస్‌కి బదులు వాళ్ళ డ్రాగ్‌ఫ్లికర్ మనకి వస్తున్నాడు. నేను శ్రావణంలో అడిగింది కూడా అదే కదా! దేవుడు నా ఉత్తరం ఆలస్యంగా చదివాడు.

నువ్వు అడిగినంతే చేశాను. అందుకే డబ్బాలో ఏమీ పెట్టలేదు. చెయ్యి పీకుతోంది గానీ ఆపుకున్నాను.

ఉదయలక్ష్మి


మన్సూరాబాద్,
మ్యాచ్ అయిన మర్నాడు

వదినా,

నిన్న తూర్పు తీరం వాళ్ళ వైపు కూర్చుంటే నాకు చుట్టూ ఒక్క తెలిసిన ముఖం లేదు. ఎదురుగా గరుడ చొక్కా వేసుకుని నువ్వు, నీ వెనక హాస్టల్ పిల్లలు. అంత దూరం నుంచి కూడా నీ గొంతు వినిపించింది.

మా శ్రీనివాస్ గొంతు నీకు వినిపించిందా? ఆటంతా అరుస్తూనే ఉన్నాడు. మ్యాచ్ అయ్యాక బొంగురు గొంతుతో "అమ్మా, ఇగ రెండు రోజులు నన్ను మాట్లాడియ్యకు" అన్నాడు. వాడి ప్యాడ్లు తడిసి, మోకాళ్ళ మీద చర్మం లేచిపోయి ఉంది. రెండేళ్ళుగా వాడి బట్టలు ఉతుకుతున్నాను, అంత మురికి ఎన్నడూ చూడలేదు. సంతోషంగా ఉతికాను.

నీ డ్రాగ్‌ఫ్లికర్ గట్టివాడే. మొదటి కార్నర్ మావాడి భుజం పక్క నుంచి పోయి గోల్‌లో పడితే నేను కొంగు నోట్లో పెట్టుకున్నాను. తర్వాత మావాళ్ళు రెండు కొట్టారు. ఆఖరి నిమిషంలో మీకు మళ్ళీ కార్నర్ వచ్చినప్పుడు నేను మైదానం చూడలేదు. నిన్నే చూస్తూ కూర్చున్నాను. శ్రీనివాస్ పక్కకు దూకి బంతిని ఆపాడని నాకు నిన్ను చూసే తెలిసింది. గరుడ చొక్కాలో నువ్వు రెండు చేతులూ ఎత్తి ఎగిరి గంతేశావు. చుట్టూ ఉన్నవాళ్ళంతా తలలు పట్టుకుని కూర్చుంటే నువ్వొక్కదానివే! తర్వాత అటూ ఇటూ చూసి మెల్లగా కూర్చున్నావు. నీ పక్కన మౌనిక చున్నీతో ముఖం కప్పుకుంది. చంటి నిన్నేమైనా అన్నాడా?

గరుడ మళ్ళీ అట్టడుగునే ఉంది. మీ కొత్త కీపర్ ఏమంటున్నాడో మీవాళ్ళకు ఇంకా సమజ్ కావడం లేదు, అది నేను చెబుతూనే ఉన్నాను. దాని మీద వేరే ఉత్తరం రాస్తాను. నువ్వు ఒప్పుకోవని తెలుసు.

కోటేశ్వరమ్మ గారి డబ్బా కడిగి, తుడిచి, ఖాళీగా పంపుతున్నాను. పూర్ణం బూరెలు చెయ్యి వదినా. మూత పట్టనన్ని పెట్టు. నేను అడుగుతున్నాను.

అండాలమ్మ